బొటనవేలు ఆగిన చోట

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలతో విందు పెట్టింది. ఆ వీడియో రాష్ట్రం దాటి దేశమంతా తిరిగింది. మరుసటి ఏడు భీమవరంలో 173 రకాల విందు, 2025లో యానాంలో 470 రకాల విందు అలాగే ఫోన్లలో చక్కర్లు కొట్టాయి. అల్లుణ్ణి పండక్కి పిలిచి మర్యాద చేయడం గోదావరి జిల్లాల్లో తరాలుగా ఉన్నదే. ఆ ఇళ్లవాళ్ల ఆప్యాయతను శంకించాల్సిన పనే లేదు. కానీ ఈ విందుల గురించి చెప్పుకునేటప్పుడు ఫలానా వంటకం బాగా కుదిరిందన్న మాట వినపడదు. అంకె ఒక్కటే వినపడుతుంది. ఇరవై రకాలు వడ్డించిన ఇంటి వీడియో మీదుగా మన బొటనవేలు జారిపోతుంది. 365 అన్నచోట ఆగుతుంది. ఆగిందని యంత్రం రాసుకుని, అదే వీడియోను మరో పదిమంది ముందు పెడుతుంది. వాళ్లూ ఆగితే మరో వెయ్యిమంది ముందు.

సోషల్ మీడియా అల్గారిథం గురించి ఎంత చెప్పుకున్నా మూలం ఇదే. మనకేం కావాలో దానికి తెలియదు, ఎక్కడ ఆగామో తెలుసు. ఆగడాన్నే కోరుకోవడంగా లెక్కేసుకుంటుంది. ఆగడం వేరు, కోరుకోవడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న తేడాలోనే ఇవాళ్టి తగువంతా ఉందని నా నమ్మకం.

ఈ లెక్క ఒక్కరోజులో పుట్టలేదు. యూట్యూబ్ 2012 దాకా ఒక వీడియోను ఎందరు నొక్కారన్నదానికే విలువిచ్చేది. బొమ్మ ఒకటి పెట్టి లోపల ఇంకోటి చూపించే వీడియోలు పెరిగిపోవడంతో, ఎంతసేపు చూశారన్నది కొలవడం మొదలుపెట్టింది. గూగుల్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఆ పద్ధతిని వివరించారు. లెక్కలేనన్ని వీడియోల్లోంచి ముందు కొన్ని వందలు ఏరతారు. తర్వాత ఒక్కోదాన్నీ మనం ఎంతసేపు చూస్తామో అంచనా కట్టి వరసలో పెడతారు. ఇందుకు మన ఊరూ పేరూ అడగక్కర్లేదు. మనలాగే చూసినవాళ్లు ఆ తర్వాత ఏం చూశారో తెలిస్తే చాలు. యూట్యూబ్‌లో జనం గడిపే సమయంలో 70 శాతానికి పైగా అది సిఫార్సు చేసిన వీడియోల మీదే పోతోందని 2018లో ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ స్వయంగా చెప్పారు.

ఫేస్‌బుక్ కథ ఇంకా పాఠం లాంటిది. 2009లో లైకు వచ్చింది. 2016లో ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, బాధ, కోపం ముఖాలు వచ్చి చేరాయి. 2017 నుంచి ఆ ముఖాలు ఒక్కోదానికి లైకు కన్నా అయిదు రెట్లు విలువ కట్టారు. కోపం ముఖానికీ అంతే. అంటే ఒక పోస్టు మన ఒళ్లు మండించిందంటే, నచ్చిన పోస్టు కన్నా ఎక్కువమందికి చేరుతుంది. 2018లో, మనుషుల మధ్య సంభాషణ పెంచుతామంటూ కామెంట్లకు, షేర్లకు బరువు పెంచారు. వాదులాట కూడా సంభాషణ కిందే లెక్కకొచ్చింది. ఈ తూకాల లోగుట్టు 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని కంపెనీ లోపలి పత్రాలను బయటపెట్టాకే లోకానికి తెలిసింది. కోపం ముఖం విలువను 2020లోనే సున్నాకు తగ్గించినట్టూ ఆ పత్రాల వల్లే తెలిసింది. అప్పటికి మూడేళ్లపాటు కోపానికి లైకు కన్నా ఎక్కువ విలువ నడిచింది.

మన దేశంలో ఇంకో మలుపు ఉంది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను నిషేధించింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను మొట్టమొదట మన దేశంలోనే విడుదల చేశారు. గంటసేపు ఒక సినిమా చూస్తే మన గురించి యంత్రానికి తెలిసేది కొంచెమే. అదే గంటలో వందలాది రీల్స్ మీద ఆగుతూ, తోసేస్తూ పోతే అన్ని వందల తీర్పులు మనమే రాసిచ్చినట్టు. కొద్దిరోజుల్లోనే ఎవరి ఫోను వాళ్లను చదివేస్తుంది. మన ప్రాంతంలో అది తొందరగా పట్టేసే విషయాలు మూడు: కులం, హీరో, పార్టీ. మీ కులమేదని ఏ యాప్ అయినా అడిగిందా? అడగదు. ఒక సామాజికవర్గం ర్యాలీ వీడియో దగ్గర రెండుసార్లు ఆగితే, అలాంటివి చూసినవాళ్లు ఇంకేం చూస్తారో అవన్నీ వరస కడతాయి. వాటిలో అవతలివాళ్లను తిట్టేవీ ఉంటాయి. ఊళ్లో ఒకే అరుగు మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ల ఫోన్లలో రెండు వేరు వేరు ఊళ్లు కనపడుతున్నాయంటే అతిశయోక్తి కాదు.

భీమవరం పక్కన వనామి రొయ్యలు సాగు చేసే ఒక రైతు ఫోను చూశాక ఈ సంగతి నాకు మరింత బోధపడింది. చెరువులో రొయ్య తెల్లమచ్చతో గట్టు పట్టేస్తుంటే ఆయన ఒక రాత్రి యూట్యూబ్‌లో వైట్‌స్పాట్ అని వెతికారు. తెల్లమచ్చ వైరస్ జబ్బు. దాన్ని నయం చేసే మందు లేదు. సీడు వేసేముందు పీసీఆర్ పరీక్ష చేయించడం, చెరువు బాగా ఎండగట్టడం, పక్షులూ పీతలూ రాకుండా వలలు కట్టడం, జబ్బు వచ్చేస్తే నష్టం పెరగకముందే పట్టుబడి చేసుకోవడం... శాస్త్రవేత్తలు చెప్పేది ఇంతే. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. విన్న రైతు నిట్టూర్చి ఫోను పక్కన పెడతాడు. మూడు రోజుల్లో చెరువు తేరుకుంటుందని చెప్పే వీడియోను మాత్రం చివరిదాకా చూస్తాడు, వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాడు. యంత్రం దృష్టిలో ఏది మంచి వీడియో? పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టాక కూడా ఆయన ఫోనులో ప్రోబయోటిక్ డబ్బాలు, మినరల్ బస్తాలు, హామీలు ఇచ్చే గొంతులు తగ్గలేదు. "నేను మందు వెతకడం లేదండీ, అవే వస్తున్నాయి" అన్నారాయన. ఒక్క రాత్రి ఆందోళనను ఆ ఫోను ఆయన శాశ్వతమైన అభిరుచిగా రాసుకుంది.

ఈ యంత్రం వల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. వందేళ్లు దాటిన మస్తానమ్మ పొలం గట్టున వండిన వంటల్ని కంట్రీ ఫుడ్స్ ఛానల్‌లో పది లక్షల మందికి పైగా అనుసరించారు. 2018 డిసెంబరులో ఆమె పోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. పేరూ పలుకుబడీ లేని ఒక ముసలమ్మను ప్రపంచానికి చూపించింది ఏ సంపాదకుడో కాదు, ఈ సిఫార్సుల వరసే. ఆత్రేయపురం పూతరేకులు చుట్టే ఆడవాళ్ల చేతి పనితనం దూరదేశాల్లో ఉన్నవాళ్లు కూడా కళ్లప్పగించి చూస్తున్నారంటే అదీ దీని పుణ్యమే. కాబట్టి అల్గారిథం వద్దనే వాదం నాకు సమ్మతం కాదు. అది దేన్ని కొలుస్తోందన్నదే నా ప్రశ్న.

పరిశోధకులు ఏం తేల్చారో చూస్తే చిత్రం అంత సూటిగా ఉండదు. స్మితా మిల్లి, ఆమె సహచరులు ట్విట్టర్ మీద చేసిన అధ్యయనం నా వాదనకు దగ్గరగా ఉంది. మామూలు కాలక్రమ వరస కన్నా అల్గారిథం వరసలో కోపపు పోస్టులు, అవతలి పక్షాన్ని దుమ్మెత్తిపోసే పోస్టులు ఎక్కువ కనపడ్డాయి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. అల్గారిథం ఏరి తెచ్చిన రాజకీయ పోస్టులు మీకు కావాలా అని అడిగితే, వాడేవాళ్లు వాటిని ప్రత్యేకంగా కోరుకోలేదు. ఆగారు, కానీ కోరుకోలేదు.

ఇటువైపు ఇలా ఉంటే, 2020 అమెరికా ఎన్నికల వేళ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కొందరికి మూడు నెలలపాటు కాలక్రమ వరసే చూపించి చేసిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. జనం యాప్‌లో గడిపే సమయం తగ్గింది. రాజకీయ అభిప్రాయాల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పైగా నమ్మదగని మూలాల పోస్టులు కాస్త పెరిగాయి కూడా. ఆ సమయంలో కంపెనీ అత్యవసర చర్యల పేరుతో అల్గారిథాన్నే మార్చిందని, కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా తీసుకోకూడదని తర్వాత మరికొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. 2018 ఎన్నికల ముందు నాలుగు వారాలు ఫేస్‌బుక్ మానేసిన అమెరికన్ల మీద హంట్ ఆల్కాట్ బృందం చేసిన పరిశీలనలో రోజుకు సగటున గంట సమయం మిగిలింది, మనసు కొంచెం కుదుటపడింది, వార్తల మీద తెలివిడి మాత్రం తగ్గింది. ఇవన్నీ అమెరికా లెక్కలు. కోనసీమ లంకల్లో ఒక ఫోను మీద నలుగురు బతికే ఇంటికి ఇవి ఎంతవరకు వర్తిస్తాయో ఎవరో ఒకరు ఇక్కడే కూర్చుని తేల్చాలి. మన విశ్వవిద్యాలయాలు ఆ పని చేపట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వరద వచ్చినప్పుడు ఈ వరస ఎంత ప్రమాదమో గోదావరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. భద్రాచలంలో నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. భద్రాచలం నీరు ధవళేశ్వరానికి దిగడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది కాబట్టి, లంక గ్రామాల్లో గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలి, సామాను ఎప్పుడు సర్దాలి అన్నది గంటల లెక్క. ఫీడ్‌కు గంటలతో పనిలేదు. ఏటిగట్టు కోసుకుపోతున్న మూడేళ్ల కిందటి వీడియో ఇవాళ్టి దానికన్నా భయంకరంగా ఉంటే అదే ముందు కనపడుతుంది. చాకలిపాలెం, కనకాయలంక మధ్య కాజ్‌వే మునగడం ఏటా జరిగేదే. మునిగిన వీడియో చూసినవాడికి అది ఈ ఉదయానిదో, రెండేళ్ల కిందటిదో తెలియదు. నిజంగా నీరు పెరుగుతున్న రోజున పాతదే అనుకుని కొట్టిపారేసే ప్రమాదమూ ఉంది. ఇక్కడ మాత్రం వరస కాలక్రమంలోనే ఉండాలి, వేరే మాట లేదు.

అయితే ప్రతి అనర్థాన్నీ అల్గారిథం నెత్తిన రుద్దడం సరికాదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న ఆ పేరును వ్యతిరేకిస్తూ సాగిన ఆందోళనలో అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటినీ, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇంటినీ తగలబెట్టారు. పోలీసులు గాయపడ్డారు. జనాన్ని కూడగట్టడానికి వాట్సాప్ గ్రూపులను వాడారని పోలీసులు చెప్పారు. వాట్సాప్ గ్రూపులో సందేశాలను ఏరి వరస మార్చే అల్గారిథం లేదు. వచ్చింది వచ్చినట్టే కనపడుతుంది. పంపింది మనుషులు, ముందుకు తోసింది మనుషులు. 2018లోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి చేసింది. 2020లో బాగా తిరిగిన సందేశాలను ఒక్కో చోటికే పంపనిచ్చింది. అమలాపురాన్ని ఆ కట్టడులు ఆపలేకపోయాయి. ఆ తర్వాత పదిరోజులకు పైగా ఇంటర్నెట్ ఆపేశారు. ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి దాటి పోవాల్సి వచ్చింది. తప్పు చేసిన గ్రూపులతో పాటు కొబ్బరి వ్యాపారి బేరాలూ, విద్యార్థి దరఖాస్తులూ ఆగిపోయాయి. జిల్లా అంతటికీ తాళం వేయడం అదుపు కాదు, నిస్సహాయత.

అల్గారిథం పాత్ర ఎక్కడంటే, అంతకుముందు నెలల తరబడి మనసుల్ని ఎటు వాల్చిందన్న దగ్గర. దాన్ని రుజువు చేయడం కష్టం, కాదనడమూ కష్టమే. పైగా విద్వేషపు మాటల్ని పట్టే యంత్రాలు హిందీ, బెంగాలీలకే చాలినంతగా లేవని హాగెన్ పత్రాల్లో ఉంది. కోనసీమ యాసలో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఎత్తిపొడుపు ఏ యంత్రానికి చిక్కుతుంది?

పందేల యాప్‌ల విషయంలో బాధ్యులు ఇంకా స్పష్టం. క్రికెట్ క్లిప్పు దగ్గర ఆగిన కుర్రాడికి ఆ వరసలోనే పందెం యాప్‌ను పొగిడే ఇన్‌ఫ్లుయెన్సర్ వచ్చేవాడు. 2025లో ఈ యాప్‌ల మీద పోలీసు అధికారి వీసీ సజ్జనార్ చేసిన ప్రచారం, హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్లు, నటుల మీద పోలీసులు పెట్టిన కేసులు గట్టి కదలిక తెచ్చాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని, వాటి ప్రకటనల్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు అయిదేళ్ల ముందే నిషేధం ఉన్నా ప్రచారం ఆగలేదన్నది మరువకూడదు.

ఇక అదుపు మాట. ఫోను పక్కన పెట్టేయండన్న సలహా తరచూ వింటాం. గోదావరి జిల్లాల్లో ఆ సలహా చెల్లని ఇళ్లు వేలల్లో ఉన్నాయి. తల్లి ఇంటి పని కోసం కువైట్ వెళ్తుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. ఐమోలోనో వాట్సాప్‌లోనో రాత్రి వచ్చే కాల్ కోసమే ఆ ఫోను. అమ్మ కోసం చేతిలోకి తీసుకున్న ఫోనును అమ్మ పెట్టేశాక పిల్లాడు కింద పెట్టడు. అమ్మమ్మ లాక్కోలేదు, లాక్కుంటే కాల్ పోతుంది. ఈ ఇంటికి పనికొచ్చే సలహా ఏదైనా సరే, ఫోను ఉండగానే అమలయ్యేదై ఉండాలి.

బొత్తాలు ఉన్నాయి, కానీ వాటిలో చాలావరకు బలహీనం. మొజిల్లా సంస్థ 20 వేల మందికి పైగా వాలంటీర్ల సాయంతో యూట్యూబ్ మీద పరిశీలించి 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, డిస్‌లైక్ నొక్కితే అలాంటి సిఫార్సుల్లో 12 శాతమే ఆగాయి. ఆసక్తి లేదు అన్న బొత్తం 11 శాతమే ఆపింది. హిస్టరీలోంచి ఆ వీడియోను తీసేస్తే 29 శాతం, ఈ ఛానల్ సిఫార్సు చేయొద్దు అని నొక్కితే 43 శాతం ఆగాయి. అన్నింటిలోకీ గట్టిది వేరే ఉంది: వాచ్ హిస్టరీనే చెరిపేసి ఆపేయడం. 2023 ఆగస్టు నుంచి అలా చేసినవాళ్ల యూట్యూబ్ మొదటి పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది. కావలసింది వెతుక్కుని చూడాలి. ఆటోప్లే కూడా తీసేస్తే, ఒక వీడియో అయిపోయాక ఫోను ఊరుకుంటుంది. ఆ రొయ్యల రైతుకు నేను చెప్పింది ఇదే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోయింగ్ వరస 2022 నుంచి ఉంది, సిఫార్సులన్నీ కడిగేసి మొదటికి తెచ్చే రీసెట్ 2024 చివర్లో వచ్చింది. ఫేస్‌బుక్‌లో ఫీడ్స్ అన్నచోట స్నేహితుల పోస్టులే కాలక్రమంలో చూడొచ్చు. వాట్సాప్‌లో మనల్ని ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా కట్టడి పెట్టుకోవచ్చు. ఒళ్లు మండిన పోస్టు కింద తిడుతూ కామెంట్ పెట్టడం మాత్రం మానుకోవాలి. ఆ తిట్టు దాన్ని మరింతమందికి చేరుస్తుంది.

ఇంత చేసినా మనిషి ఒక్కడి వల్ల అయ్యేది కొంతే. డెల్టా రైతుకు ఈ విషయం బాగా అర్థమవుతుంది. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎద్దడి వస్తే ఏ కాలువకు ఏ వంతో నీటిపారుదల సలహా మండలి సమావేశంలో అందరి ముందూ తేలుస్తారు. తేదీ పేపర్లో పడుతుంది. అన్యాయమనిపిస్తే శివారు రైతు లాకుల దగ్గరికి వెళ్లి నిలదీస్తాడు. ఫీడ్‌లో వంతులు ఎవరు రాశారో, ఎప్పుడు మార్చారో చెప్పే సమావేశం లేదు. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం కింద 2023 నుంచి పెద్ద వేదికలన్నీ వ్యక్తిగత సమాచారంతో మనల్ని అంచనా కట్టని వరసను కూడా ఇచ్చి తీరాలి. మనకు అలాంటి హక్కు లేదు. 2023 వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు పిల్లల్ని వెంటాడి గమనించడాన్ని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ కట్టుబాట్లు అమల్లోకి రావడానికి మరో ఏడాదిన్నర గడువిచ్చారు. అమ్మమ్మ పేరున సిమ్ము, అమ్మమ్మ పేరునే ఖాతా ఉన్న ఫోనులో పిల్లాడు చూస్తుంటే ఆ చట్టం కంటికి అక్కడ ఉన్నది అరవై ఏళ్ల మనిషే.

ఆ ఇంటికి ఎవరు వెళ్తారు? గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ పోస్టు ఉంది. వరదల కాలం మొదలయ్యేలోపు ఒక వారం ఆ ఉద్యోగి లంక గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి మూడు పనులు చేయొచ్చు. పిల్లలు వాడే ఫోనులో యూట్యూబ్ హిస్టరీ, ఆటోప్లే ఆపడం. గ్రూపుల కట్టడి పెట్టడం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరికలు వచ్చే చోటును మొదటి తెర మీద పెట్టి, అందులో తేదీ, వేళ ఎక్కడ కనపడతాయో అమ్మమ్మకు వేలితో చూపించడం. ఇంటికి పావుగంట పని.